ప్రయోగశాలలోని మూగజీవులు – వైష్ణవ ధర్మదృష్టి

శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున ధర్మరాజు నారదమహర్షిని గృహస్థధర్మములను గూర్చి అడిగెను. కర్మలను భగవదర్పణముగా ఆచరించుట, ధనమును న్యాయముగా ఆర్జించుట, దానిని వ్యయపరచుట మొదలగు విషయములను చెప్పుచు నారదుడు నడుమ ఒక చిన్న పట్టిక నిచ్చెను. లేడి, ఒంటె, గాడిద, కోతి, ఎలుక, ప్రాకెడు జీవులు, పక్షులు, ఈగలు – వీనిని గృహస్థుడు కన్నబిడ్డలతో సమానముగా చూడవలయునని ఆయన ఉపదేశము. ఈ పట్టికలో గోవు లేదు. గోవును ఆదరింపుమని గృహస్థునకు వేరుగా చెప్పనక్కరలేదు. పాలిచ్చు ప్రాణిని అందరును ఆదరింతురు. నారదుడు పేర్కొన్నవానిలో చాలభాగము ఇంటికి అక్కరకు రానివి, పైగా నష్టము కలిగించునవి. ఎలుక గాదెలోని వడ్లు తినును. కోతి పెరటిలోని కాయలు త్రెంపి పారవేయును. అట్టివానినే ఏరి బిడ్డలని చెప్పుటలో మహర్షి హృదయము తెలియుచున్నది.

ఆ కోతియు, ఆ ఎలుకయు నేడు వైద్యపరిశోధనాలయముల పంజరములలో నున్నవి. క్రొత్త మందు మనుష్యుని నోటికి చేరకముందు వాని శరీరములలోనికి పోవుచున్నది. రోగము లేని ప్రాణికి రోగము కల్పించి, మందిచ్చి, అది బ్రతికినదో లేదో చూచి, తుదకు శరీరమును కోసి పరీక్షించుట ఈ విద్యలో సామాన్యమైన పద్ధతి. ఇది ధర్మమా, అధర్మమా యను ప్రశ్న నేడు పెక్కు గృహములలో వినబడుచున్నది. ఔషధశాస్త్రమో జీవశాస్త్రమో చదువుకొను పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినపుడు తాతగారిని అడుగుచున్న ప్రశ్న యిది.

ఈ విషయము తమకు దూరమైనదని ఆస్తికులు తలచుటకు వీలులేదు. కోస్తాజిల్లాలలో బోదకాలు ఎన్ని సంసారములను బాధించెనో పెద్దలెరుగుదురు. ఆ వ్యాధికి నేటికిని వాడుచున్న డైఇథైల్ కార్బమజీన్ అను ఔషధము 1947లో వెల్లడియైనది. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున ఆ పని నడిపించినవాడు 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. యౌవనమున సన్న్యసింపగోరి రామకృష్ణమఠము వైపు చూచినవాడాయన. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను జీర్ణవ్యాధితో కొద్దిదినముల వ్యవధిలోనే మరణించిరి. ఆ వ్యాధికి ఉపకరించు ఫోలిక్ ఆమ్లమును ఆయన బృందమే తరువాత కృత్రిమముగా తయారుచేసెను. ఇట్టివానిని క్రూరుడనుటకు ఎవరికిని నోరురాదు. అయినను బోదకాలు మందు మొదట పరీక్షింపబడినది ఫైలేరియా క్రిములు సోకిన ఒకజాతి పొలపుటెలుకలపైన, కుక్కలపైన. 2004 నుండి దేశమున ఆ వ్యాధి గల జిల్లాలలో ఇంటింటికి పంచిన మాత్రలలో ఈ ఔషధమే యున్నది. ఏకాదశి నాడు పచ్చిమంచినీరైనను ముట్టని ఇంటివారును, ఉల్లిని వంటయింటికి రానీయనివారును ఆ మాత్రను మ్రింగిరి. మ్రింగుట తప్పు కాదు. ఆ మాత్ర వెనుక ఎలుక యున్నదని ఎరుగకపోవుటయే లోపము.

యజ్ఞమను సమర్థన

ఈ ప్రశ్నకు కొందరు శాస్త్రము చదివినవారు సైతము తొందరపడి ఒక సమాధానము చెప్పుదురు. యజ్ఞమున పశువును ఆలంభించుట వేదవిహితము కదా, లోకకల్యాణమునకై చేసినది హింస కాదు కదా, వైద్యపరిశోధనయు లోకకల్యాణమునకే, కనుక ప్రయోగశాల ఒక యజ్ఞశాల, అందలి మూగప్రాణి యజ్ఞపశువు – అని వారి వాదము. వినుటకు ఇంపుగానున్నది. కాని భగవద్రామానుజుల భాష్యమును దగ్గర పెట్టుకొని చూచినచో ఈ వాదము నిలువదు.

బ్రహ్మసూత్రముల తృతీయాధ్యాయము ప్రథమపాదమున చంద్రలోకమునుండి తిరిగివచ్చు జీవులను గూర్చిన విచారము కలదు. వారు వరి, యవలు మొదలగు సస్యములతో సంబంధము పొందుదురని చెప్పగా పూర్వపక్షి అడ్డువచ్చును. వారు చేసిన యజ్ఞమున పశుహింస కలిసియున్నది. ఆ పాపమువలననే వారు స్థావరజన్మ నెత్తిరని అతని ఆక్షేపము. సూత్రకారుడు దానిని శబ్దప్రమాణముచే కాదనెను. శంకరభగవత్పాదులు ఇచట ధర్మాధర్మములకు శాస్త్రమే ప్రమాణమని, హింసింపరాదను సామాన్యనిషేధమునకు యజ్ఞవిధి అపవాదమని చెప్పి విరమించిరి. రామానుజులు అచట ఆగలేదు. యజ్ఞమున పశువునకు జరుగునది అసలు హింసయే కాదనిరి. ఏలన, ఆ పశువు ఆ కర్మచే హీనశరీరమును విడిచి ఉత్తమలోకమును పొందునని శ్రుతి చెప్పుచున్నది. కొద్దిపాటి దుఃఖము కలిగించినను అధికమైన మేలు చేయునది రక్షణమే యగును. దీనికి వారిచ్చిన దృష్టాంతము చికిత్సకుడు. రోగికి అప్పటికి నొప్పి కలిగించు వైద్యుని లోకము రక్షకుడనుచున్నదే గాని హింసకుడనుట లేదు. గీతాభాష్యము ద్వితీయాధ్యాయమునను శస్త్రచికిత్సకుని ఉపమానమునే వారు మరల చెప్పిరి.

ఈ ఉపమానమును నిదానముగా పరిశీలింపవలయును. కురుపు కోయువాడొకడు, కోయించుకొనువాడొకడు, కోతవలన బాగుపడువాడొకడు. వైద్యశాలలో రెండవవాడును మూడవవాడును ఒక్కడే. అందుచేతనే కత్తి పట్టినవాడు రక్షకుడగుచున్నాడు. ఆ ఇద్దరిని వేరుచేసినచో ఉపమానము కూలిపోవును. పొరుగువాని కురుపు నయమగుటకు ఎదురింటివాని కాలు కోసినవానిని ఎవరును చికిత్సకుడనరు. ప్రయోగశాలలో జరుగుచున్నది సరిగా ఇదియే. బాధ కోతిది, ఆరోగ్యము మనుష్యునిది. పశువైద్యమునకై చేయు పరిశోధన దీనికంటె ఇంచుక మేలనవచ్చును; అచటను ఒక గోవు పడిన బాధ వేరొక గోవునకే ఉపకరించును గాని ఆ గోవునకు కాదు. ప్రయోగమున మరణించిన ఎలుకకు స్వర్గము కలుగునని చెప్పు శ్రుతివాక్యమేదియు లేదు. దానిని ఆలంభింపుమను విధియు లేదు. విధి లేనిచోట సామాన్యనిషేధమే నిలుచును. కావున శంకరుల మార్గమున చూచినను, రామానుజుల మార్గమున చూచినను ప్రయోగశాలను యజ్ఞశాల యనుట కుదరదు.

చికిత్సకుడను ఉపమానము వైద్యమునకు సంబంధించినదే యగుట ఇందలి విశేషము. హింస దేనిచే రక్షణ యగునో రామానుజులు వైద్యుని చూపి చెప్పిరి. నేటి వైద్యమున ఆ కొలబద్దకు లోబడని పని ఒకటి పుట్టినది.

కర్మసిద్ధాంతమును అడ్డుపెట్టుకొను వాదము ఇంకొకటి కలదు. ఆ జీవి తన పూర్వకర్మచే ఆ పంజరమునకు వచ్చినది, మనుష్యునికేమి దోషమని కొందరందురు. ఇది శుష్కవాదము. రోగియు తన కర్మచేతనే రోగియైనాడు. అట్లయినచో వానికి మందెందుకు? రోగి విషయమున కర్మను ప్రక్కన పెట్టి జాలిపడువారు ఎలుక విషయమున కర్మను ముందుకు తెచ్చుట న్యాయము కాదు.

ఇక మూగజీవులకు నిజమైన దుఃఖానుభవము లేదనువారును ఒకప్పుడుండిరి. విశిష్టాద్వైతమున ఈ మాటకు చోటులేదు. చీమయందును, చతుర్ముఖునియందును ఆత్మస్వరూపము ఒక్కటే. భేదము ధర్మభూతజ్ఞానము యొక్క సంకోచవికాసములయందు. తిర్యగ్జంతువులలో జ్ఞానము సంకుచితమై యుండునే గాని నశించి యుండదు. సర్వజీవులును భగవానునకు శరీరభూతులు, శేషభూతులు. కోతి శరీరమునకు స్వామి ఎవరో మనుష్యశరీరమునకును ఆయనయే. ఒకరి సొత్తును వేరొకరు తమ అవసరమునకు వాడుకొనునపుడు అడుగవలసినవాడు ఒకడున్నాడని వైష్ణవుడు మరువరాదు. శాస్త్రజ్ఞులు కోతిని ఎన్నుకొనుటకు కారణము దాని నరములు, రక్తము, ఊపిరితిత్తులు మనుష్యుని వానిని పోలియుండుటయే. పరీక్షకు పనికివచ్చునంతగా పోలియున్న ప్రాణి బాధకు వచ్చుసరికి పోలకపోవుట విచిత్రము.

కావున దీనిని హింస యనియే ఒప్పుకొనవలయును. అట్లు ఒప్పుకొనినంతమాత్రమున మందులన్నిటిని వీథిలో పారబోయవలయునని అర్థము కాదు. హింస యని తెలిసిన పిమ్మట అడుగవలసిన ప్రశ్న మారును. ప్రాణాపాయమున ఎంతవరకు తగును, ఎచట ఆగవలయును అనునది ఆ ప్రశ్న.

ఉషస్తి తిన్న ఉలవలు

దీనికి ఛాందోగ్యోపనిషత్తున ఒక చక్కని కథ యున్నది. కురుదేశమున వడగండ్లవాన పడి పంటలు నశించినవి. ఉషస్తి చాక్రాయణుడను బ్రహ్మవేత్త భార్యతో కూడ ఒక ఏనుగుల యజమాని ఊరు చేరెను. ఆ యజమాని ఉడికిన ధాన్యము తినుచుండెను. ఉషస్తి తనకును పెట్టుమని యాచించెను. ఈ పాత్రలోనివి తప్ప వేరు లేవని, ఇవి ఎంగిలివని అతడు చెప్పెను. అవియే ఇమ్మని తీసికొని ఉషస్తి తినెను. పిమ్మట యజమాని నీరు ఇయ్యబోగా ఆయన వలదనెను. ఎంగిలి తిన్నవాడవు ఎంగిలి నీటికేల వెనుదీయుచున్నావని అతడు అడిగెను. ఆ గింజలు తినకున్న ప్రాణము నిలువకపోయెడిది. నీరు మాత్రము ఎచ్చటనైనను లభించును, అది కోరికమీద ఆధారపడినది – ఇది ఉషస్తి సమాధానముయొక్క సారము. సర్వాన్నానుమతి ప్రాణాపాయముననే యని బ్రహ్మసూత్రకారుడు ఈ కథనుండియే నిర్ణయము చేసెను. ఆ గింజలను కులమాషములందురు. తెలుగునాట పెద్దలు కొందరు వీనిని ఉలవలని వ్యవహరించుట కలదు. పేరేదియైనను కథలోని గీత ఒక్కటే.

ఆ గీత గింజలకును నీటికిని నడుమ గీయబడినది. ప్రయోగశాలకు దీనిని అన్వయించినచో చాల సంగతులు వాటంతట అవియే తేలును. మరణించుచున్న బిడ్డకు కావలసిన మందు ఉషస్తి తిన్న గింజలవంటిది. పెదవులకు పూసికొను రంగును, తలకు రుద్దుకొను క్రొత్త సబ్బునీటిని కుందేలు కంటిలో వేసి మంట పుట్టునో లేదో చూచుట ఆయన వలదన్న నీటివంటిది. భారతదేశమున 2014లో సౌందర్యసాధనములను జంతువులపై పరీక్షించుటను నిషేధించిరి. అట్లు పరీక్షించిన వస్తువుల దిగుమతిని సైతము ఆ సంవత్సరముననే నిషేధించిరి. చట్టము చేసినవారు ఉపనిషత్తును తలచుకొనిరో లేదో గాని వారు గీచిన గీత ఉషస్తి గీచినదే.

అయితే లోకమున గింజలును నీరును ఎల్లప్పుడు వేరువేరు పాత్రలలో నుండవు. దీనికి భారతదేశపు వానరముల కథకంటె మంచి ఉదాహరణము దొరకదు.

వానరముల ఎగుమతి

పోలియో వ్యాధి ప్రపంచమున లక్షల పిల్లలను కుంటివారిని చేయుచున్న కాలమున, 1955లో సాల్క్ కనిపెట్టిన టీకా వాడుకలోనికి వచ్చెను. ఆ టీకాకు కావలసిన క్రిములను కోతుల మూత్రపిండములనుండి తీసిన కణములలో పెంచెడివారు. తయారైన టీకా క్షేమకరమో కాదో మరల కోతులపైననే పరీక్షించెడివారు. అందుచేత ఉత్తరభారతమునుండి రీసస్ జాతి కోతులను వలలతో పట్టి బోనులలో పెట్టి విమానములలో పంపుట ఒక వ్యాపారమైనది. 1950ల చివరిభాగమున ఒక్కొక్క సంవత్సరము లక్షకు పైగా కోతులు దేశము దాటినవి. 1955లో లండను విమానాశ్రయమున దాదాపు 400 కోతులు గాలియాడని వాహనములో ఊపిరాడక మరణించినవి. భారతప్రభుత్వము ఆ సంవత్సరము ఎగుమతిని కొంతకాలము నిలిపివేసి, వైద్యపరిశోధనకు, టీకాల తయారీకి తప్ప వాడరాదను నియమముపై మరల అనుమతించెను.

శ్రీరామపాదసేవకుని జాతియని వానరమునకు అరటిపండు పెట్టి మ్రొక్కు ప్రజల దేశమిది. హనుమంతుని తిరువడి యని శ్రీవైష్ణవులు పిలుచుకొందురు. అట్టి దేశమే లక్షల కోతులను అమ్ముకొనెను. అదే దేశపు బిడ్డలు పోలియోచే మంచము పట్టుచుండిరి. రెండును నిజమే. పోలియో చుక్కలు లేకున్నచో నేడు దేవాలయముల మెట్లపై ఎందరు చేతికఱ్ఱలతో ప్రాకుచుండెడివారో ఊహింపవచ్చును. భారతదేశమున ఆ వ్యాధి సోకిన చివరి బిడ్డ 2011 జనవరిలో కనిపించెను. 2014 మార్చిలో దేశము పోలియోరహితమని ధ్రువీకరింపబడెను. ఈ ఫలమును తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత.

కథ అంతటితో ఆగలేదు. ఆ నియమముపై పంపబడిన కోతులను అమెరికా సైనికపరిశోధనాలయమొకటి అణ్వాయుధపరీక్షలకు వాడుచున్నదని 1977లో బయటపడెను. కోతులకు తీవ్రమైన కిరణములు సోకించి, చక్రములలో పరుగెత్తించి, అవి ఎంతసేపటికి కూలబడునో కొలుచుచుండిరి. పిల్లల ప్రాణము నిలుపుటకని అడిగి తీసికొనిపోయిన గింజల పాత్రలో యుద్ధమను నీరు పోసికొనిరి. మొరార్జీ దేశాయి ప్రభుత్వము 1978 ఏప్రిలు 1 నుండి కోతుల ఎగుమతిని పూర్తిగా నిషేధించెను. అప్పుడు అమెరికా శాస్త్రజ్ఞులు చాల ఆందోళన చెందిరి. కాని భారతదేశపు కోతులు రాకున్నను పోలియోటీకా ఆగలేదు. తప్పనిసరియని చెప్పినదానిలో ఎంతభాగము నిజముగా తప్పనిసరియో, ఎంతభాగము అలవాటో, తలుపు మూసిన తరువాతనే తెలిసినది.

పిండిపశువు, గుమ్మడికాయ

హింసకు బదులు వేరొకటి వెదకుట వైష్ణవసంప్రదాయమున క్రొత్త విషయము కాదు. మహాభారతము శాంతిపర్వమున, పాంచరాత్రమునకు మూలస్థానముగా పెద్దలు గౌరవించు నారాయణీయమున, ఉపరిచరవసువు కథ యున్నది. ఈ రాజు పరమభాగవతుడు. ఆయన చేసిన అశ్వమేధమున ఒక్క పశువునైనను చంపలేదు; అరణ్యమున లభించు పదార్థములతోనే హవిస్సు కల్పించిరి. శ్రీహరి అదృశ్యుడై వచ్చి తన భాగమును స్వీకరించెను. అట్టి రాజువద్దకు తరువాత ఒక వివాదము వచ్చెను. యాగమునకు అజము కావలయునని వేదము చెప్పినది. అజమనగా ధాన్యబీజమని ఋషులు, మేకయని దేవతలు. తీర్పు చెప్పుమని వసువును అడిగిరి. ఆయన ముందుగా దేవతల మతమేమో తెలిసికొని, వారి పక్షమున మేకయనియే చెప్పెను. ఋషులు శపింపగా ఆకాశమున సంచరించు ఆ రాజు భూవివరమున పడెను.

తాను ఆచరించి చూపిన అహింసను తానే తీర్పులో విడిచెను. తెలియక కాదు, ప్రబలులైనవారిని మెప్పించుటకు. నేటి పరిశోధనలకు అనుమతి నిచ్చు స్థానములలో కూర్చున్నవారు ఈ కథను ఒకసారి చదువుకొనుట మంచిది. వసువు భూవివరమునను నారాయణమంత్రమును విడువలేదు గనుక భగవంతుడు గరుత్మంతుని పంపి ఆయనను మరల పైకి తెప్పించెను.

మధ్వాచార్యుల సంప్రదాయమున యజ్ఞములకు పిష్టపశువును, అనగా పిండితో చేసిన పశువును, వాడు ఆచారము ఏర్పడినది. విధిని విడువలేదు, ప్రాణిని విడిచిపెట్టిరి. కర్మ సాఫల్యమునకు రక్తము కావలసిన అవసరము లేదని వారి నిశ్చయము. ఆ కాలమున దీనికి ఆక్షేపణలు రాకపోలేదు.

వైద్యమునను ఇట్టిదే యొకటి కలదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున శిష్యునికి శస్త్రవిద్య నేర్పు విధానమును చెప్పిన అధ్యాయమున్నది. కోయుట నేర్చుకొనుటకు గుమ్మడికాయ, సొరకాయ, దోసకాయ. గుచ్చుటకు తామరతూడు, మరణించిన పశువు సిరలు. గీరుటకు రోమములున్న తోలు. కట్లు కట్టుటకు గుడ్డతో చేసిన బొమ్మ. ఎంత చదివినవాడైనను ఈ అభ్యాసము లేక రోగిపై చేయివేయరాదని ఆచార్యుని శాసనము. అభ్యాసమునకని బ్రతికియున్న జంతువును కోయుమని మాత్రము ఆయన చెప్పలేదు.

అంతమాత్రమున ప్రాచీనులకు జంతుపరీక్ష తెలియనే తెలియదని గొప్పలు చెప్పుకొనరాదు. అదే సంహిత కల్పస్థానమున రాజునకు పెట్టు అన్నములో విషమున్నదో లేదో తెలిసికొనుటకు కొంత అన్నము కాకులకు వేయుమని యున్నది. తిన్నవి చచ్చినచో విషమని నిశ్చయము. కౌటిల్యుడును అగ్నికిని, పక్షులకును ముందు పెట్టుమనెను. రాజు ప్రాణమునకు కాకి ప్రాణము అడ్డు. నేటి ఎలుకకు పూర్వీకుడు ఆ కాకియే. శాస్త్రమును ఎత్తి చూపునపుడు అనుకూలమైనదానినే చూపి తక్కినదానిని దాచుట పండితధర్మము కాదు.

గుమ్మడికాయ మార్గము నేడు చాల దూరము సాగినది. 1959లో ఇంగ్లండున రసెల్, బర్చ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు జంతుప్రయోగములకు మూడు నియమములను చెప్పిరి: సాధ్యమైనచో జంతువునకు బదులు వేరొకటి వాడుట, తప్పనిచో సంఖ్య తగ్గించుట, చేయు విధానమున బాధ తగ్గించుట. ప్రపంచమంతటను ఇప్పుడు ఇవియే ప్రమాణములు. 1962లో జపానులో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండమునుండి తీసిన కణములు అప్పటినుండి నేటివరకు గాజుపాత్రలలో పెరుగుచునే యున్నవి. వీనిని వీరో కణములందురు. వేలకొలది కోతులను చంపి చేయవలసిన పని ఆ ఒక్క కోతి కణములచే జరుగుచున్నది. 2020లో కరోనా కాలమున హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవాక్సిన్ టీకాకు కావలసిన క్రిమిని ఈ కణములలోనే పెంచిరి. ఆ టీకాను వేయించుకొన్న ప్రతివారు పేరు తెలియని ఆ కోతికి ఋణపడియున్నారు. అదే టీకాను మనుష్యులకు ఇచ్చుటకు ముందు ఎలుకలపై, కుందేళ్లపై పరీక్షించిరి. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థలో 20 రీసస్ కోతులపైనను పరీక్షించిరి. ఒకప్పుడు లక్ష, ఇప్పుడు ఇరువది. ఆ ఇరువదికి మాత్రము భేదమేమియు తెలియదు.

2023లో భారతప్రభుత్వము క్రొత్త ఔషధముల నిబంధనలను సవరించి, మనుష్యకణములతో పెంచిన అవయవతుల్యములైన నిర్మాణములపైన, కంప్యూటరు గణనలచేతను జరిపిన పరీక్షలను జంతుపరీక్షలకు బదులుగా చూపవచ్చునని అంగీకరించెను. పిండిపశువునకు ఇది నూతనరూపము.

చట్టము, సభ్యుని ఆసనము

కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు నియమింపబడి, జంతువులపై క్రూరత్వమును అరికట్టవలయునని బిల్లు నొకదానిని తెచ్చెను. ప్రభుత్వమే సమగ్రమైన చట్టము చేయునని నెహ్రూ మాట ఇయ్యగా ఆమె దానిని ఉపసంహరించుకొనెను. దాని ఫలితముగా 1960 చట్టము వచ్చినది. ఆ చట్టము ప్రయోగములను నిషేధింపలేదు. ప్రాణము నిలుపుటకు, బాధ తగ్గించుటకు, రోగమును ఎదుర్కొనుటకు ఉపయోగించు జ్ఞానమునకై చేయవచ్చుననెను. కాని మత్తు ఇచ్చి చేయవలయునని, కోలుకొన్నచో తీవ్రబాధపడు జంతువును తెలివిరాకముందే ముగింపవలయునని, పాఠశాలలలో పుస్తకములు, నమూనాలు, చిత్రములు చాలునపుడు ప్రయోగము మానవలయునని, కేవలము హస్తకౌశలమునకై చేయరాదని నియమించెను. చివరి నియమము సుశ్రుతుని గుమ్మడికాయయే.

ఈ చట్టము క్రింద నడచు పర్యవేక్షణవిధానమున ప్రతి పరిశోధనసంస్థలో ఒక నైతికసంఘముండును. జంతుప్రయోగము చేయదలచినవారు ఎందుకు, ఎన్ని, ఏ విధముగా అని వ్రాసి ఆ సంఘము అనుమతి పొందవలయును. సంఘమున శాస్త్రజ్ఞులతోను, పశువైద్యునితోను బాటు శాస్త్రజ్ఞుడు కాని సామాజికస్పృహ గల సభ్యుడొకడు తప్పక యుండవలయును. ఈ ఆసనమును గూర్చి ఆస్తికలోకమునకు తెలిసినది తక్కువ. దానియందు కూర్చున్నవాడు రసాయనముల పేర్లు తెలియకున్నను మూడు ప్రశ్నలు అడుగవచ్చును. ఈ బాధ ఎవరిది, ఫలము ఎవరిది? ఇది గింజలా, నీరా? పిండితో జరుగు పనికి ప్రాణిని ఏల తెచ్చితిరి? వీనికి సమాధానము వ్రాతమూలముగా పొందుట అతని అధికారమునకు లోబడియే యున్నది. కొన్నిచోట్ల ఆ సభ్యుడు మర్యాదకు తల యూపి సంతకము చేసి వచ్చుచున్నాడని వినికిడి. అది వసువు చేసిన పని.

గృహస్థుని విషయమున శాస్త్రము ఇంకను సులభమైనది. నిత్యము వైశ్వదేవమున భూతబలి యున్నది. కుక్కలకు, కాకులకు, క్రిములకు నేలమీద అన్నముంచుట ఋణము తీర్చుకొనుటకే ఏర్పడినది. తన ఇంటిలో ఎవరి రోగము ఏ జీవి బాధవలన నయమైనదో తెలిసిన గృహస్థుడు ఆ అన్నమును ఉంచునపుడు ఆ జీవిని తలచుకొనుటకు అడ్డులేదు. మందును విడిచి రోగముతో బాధపడుట కంటె, మందును పుచ్చుకొని అవసరము లేని వస్తువును విడుచుట మేలు.

నారదుని పట్టికతో మొదలైన ఈ ప్రస్తావన నారదునితోనే ముడిపడియున్నది. భాగవతము చతుర్థస్కంధమున ప్రాచీనబర్హి యను రాజు యజ్ఞములపై యజ్ఞములు చేయుచుండెను. భూమి యంతయు దర్భలతో కప్పబడునంతగా చేసెను. నారదుడు వచ్చి అతనితో మొదట వాదింపలేదు. ఆకాశమువైపు చూడుమనెను. అతడు దయమాలి చంపించిన వేలకొలది పశువులు అచట నిలిచి యున్నవి. తాము పడిన బాధను తలచుకొనుచు, ఇనుపకొమ్ములతో అతని మరణమునకై వేచి యున్నవి. రాజు అప్పటివరకు హవిస్సునే చూచెను గాని వానిని చూడలేదు. చూచిన తరువాతనే వినుటకు సిద్ధమైనాడు. అప్పుడు నారదుడు పురంజనోపాఖ్యానము చెప్పెను. విన్న పిమ్మట ప్రాచీనబర్హి, తపస్సునకు పోయియున్న తన కుమారులు తిరిగివచ్చువరకైనను ఆగక, ప్రజారక్షణభారమును వారికి అప్పగింపవలసినదిగా మంత్రులతో చెప్పి, కపిలాశ్రమమునకు బయలుదేరెను.